టైమింగ్ బెల్టు వయసును ఎలా లెక్కించాలి?

ప్రశ్న: రెండేళ్ల కిందట 2014 నాటి డీజిల్ రెనో డస్టర్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఉప్పల్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు వెళ్లి వస్తాను. టైమింగ్ బెల్టును వాటర్ పంపుతో సహా మార్చాలంటూ సర్వీస్ సెంటర్‌లో 18,800 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. మా వీధి చివరి మెకానిక్ పైకవరు తీసి చూసి, బెల్టు బాగానే ఉంది, ఇంకో ఇరవై వేల కిలోమీటర్లు నడుస్తుంది, మార్చాలన్నా ఒక్క బెల్టుకు 4,300 చాలు అంటున్నారు. పాత యజమాని ఇచ్చిన బిల్లుల్లో ఒకచోట ‘బెల్టు మార్చాము’ అని ఉంది. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఈ వారంలోనే మార్పించండి. అప్పటిదాకా ఆ బండిని ఊళ్లకు తీసుకెళ్లకండి.

ముందుగా ఆ పాత బిల్లును మరోసారి చూడండి. కారులో బయటికి కనిపించే బెల్టు ఒకటుంటుంది. ఆల్టర్నేటర్‌నూ ఏసీ కంప్రెసర్‌నూ తిప్పేది అదే, షెడ్లలో దాన్ని ఇప్పటికీ ఫ్యాన్ బెల్టనే అంటారు. టైమింగ్ బెల్టు వేరు, అది కవరు లోపల ఉంటుంది. మీ బండిలో దాన్ని మార్చాలంటే ముందు కుడి చక్రం విప్పి, ఇంజనుకు జాకీ ఆనించి, ఆ వైపు మౌంటింగ్ కూడా తీయాలి. ఇది సగం రోజు పని. మీ బిల్లులో లేబర్ కింద నాలుగైదు వందలే ఉంటే, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే చక్రం) అన్న మాటే లేకపోతే, అప్పుడు మార్చింది ఫ్యాన్ బెల్టే. అంటే కంపెనీలో వేసిన టైమింగ్ బెల్టుతోనే మీరు పదేళ్లు దాటిన బండిని నడుపుతున్నారని అనుకోవాలి.

ఇక కిలోమీటర్ల సంగతి. చాలా కంపెనీలు టైమింగ్ బెల్టుకు కిలోమీటర్లతో పాటు సంవత్సరాల గడువు కూడా చెబుతాయి, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలని. ఇంజనును బట్టి ఇది సాధారణంగా 60,000 నుంచి లక్షన్నర కిలోమీటర్ల వరకూ మారుతుంది కాబట్టి మీ బండితో వచ్చిన పుస్తకంలోని అంకెనే పాటించాలి. అయితే మనవాళ్లు మొదటి అంకెను గుర్తుపెట్టుకుని రెండోదాన్ని వదిలేస్తున్నారు. బెల్టు రబ్బరుతో చేసినది, లోపల గాజునార తాళ్లుంటాయి. బండి నిలబడి ఉన్నా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. మన ఎండల్లో, ఏసీ వేసుకుని గంటలకొద్దీ ట్రాఫిక్‌లో నిలిచిన బండి బానెట్ కింద ఆ వేడి ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు నగరంలో కిలోమీటర్ల లెక్కే మనల్ని మోసం చేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఓడోమీటరు కదలదు, బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నిమిషానికి 800 చుట్ల ఐడ్లింగ్ అనుకున్నా బెల్టును తిప్పే క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) గంటకు 48,000 చుట్లు తిరుగుతుంది. మీ దారిలో, ముఖ్యంగా సాయంత్రం వేళ, సగటు వేగం గంటకు 17 కిలోమీటర్లు ఉంటే గొప్పే. బండి అంతా ఇలాగే తిరిగి ఉంటే 78,000 కిలోమీటర్లంటే దాదాపు 4,600 గంటలు. అదే దూరాన్ని విజయవాడ రహదారి మీద గంటకు అరవై చొప్పున తిరిగిన బండికి 1,300 గంటలే. రెండింటి ఓడోమీటరూ ఒకే అంకె చూపిస్తుంది. అందుకే నగరంలోనే తిరిగే బండికి పుస్తకంలోని గడువు కంటే కాస్త ముందే మార్చడం మంచిదని నా అభిప్రాయం.

చూసి చెప్పడం గురించి మీ మెకానిక్‌ను నేను తప్పుపట్టను, ఆయన మీ డబ్బు మిగల్చాలనే అనుకున్నారు. కానీ పైకవరు తీస్తే కనిపించేది బెల్టు వీపు మాత్రమే. కిందటి వేసవిలో ఒక పాత బెల్టును చేతిలోకి తీసుకుని చూశాను: వీపు మీద అచ్చువేసిన అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి, ఎక్కడా పోగు లేవలేదు. దాన్ని వెనక్కి వంచగానే పళ్ల మొదళ్లలో వెంట్రుకవాసి పగుళ్లు వరుసగా తెరుచుకున్నాయి. ఇంజనులో ఉండగా ఆ బెల్టును అలా వంచి చూడటం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఇది తెగేముందు శబ్దం చేస్తుందన్న హామీ కూడా లేదు.

తెగితే జరిగేది ఇది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ పొత్తును కాపాడేది ఈ బెల్టే. మీ డీజిల్ ఇంజనులో పిస్టన్లూ వాల్వులూ ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగినా, నాలుగు పళ్లు ఊడినా, తెరిచి ఉన్న వాల్వులకు పిస్టన్లు కొట్టుకుని వాల్వులు వంగిపోతాయి. బండి నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, సెల్ఫ్ కొడితే ఇంజను ఎప్పటికంటే తేలిగ్గా, గిరగిరా తిరుగుతున్నట్టు వినిపిస్తే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, నష్టం పెరుగుతుంది, టోయింగ్ పిలిపించండి. ఆ తర్వాత ఇంజను పైభాగమైన హెడ్డు దింపాలి, లేతు పని, కొత్త వాల్వులు, హెడ్ గ్యాస్కెట్ తప్పవు. ఇలా హెడ్డు దింపిన డీజిల్ బండ్లకు నేను చూసిన బిల్లుల్లో అరవై వేలకు తక్కువది లేదు.

ఇప్పుడు మీ ఎస్టిమేట్. బెల్టు, టెన్షనర్ కలిసిన కిట్టుకు 7,200, వాటర్ పంపుకు 3,800, బయటి బెల్టుకు 1,600, కూలెంటుకు 1,300, లేబర్‌కు 4,900 అని మీరు పంపిన కాగితంలో ఉంది. మీ ఇంజనులో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ టైమింగ్ బెల్టే. ఆరు నెలల తర్వాత పంపు కారడం మొదలైతే ఈ విప్పదీత అంతా మళ్లీ చేసి, 4,900 మళ్లీ కట్టాలి. కారిన కూలెంటు పడి కొత్త బెల్టు కూడా పాడవుతుంది. ఒక్క బెల్టు వేసి పాత టెన్షనర్ ఉంచడం ఇంకా ప్రమాదం. నా సొంత బండికి ఒకప్పుడు అలాగే చేయించుకున్నాను. 9,000 కిలోమీటర్లకే టెన్షనర్ బేరింగు బిగుసుకుపోయి, కొత్త బెల్టు అంచు నుంచి చీలిపోయింది. అప్పుడు మిగిలిందనుకున్న రెండు వేలు ఎన్నిరెట్లుగా పోయిందో ఇప్పటికీ బాధే.

18,800 ఎక్కువనిపిస్తే భాగాలను తగ్గించకండి, చోటు మార్చండి. రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో విడిభాగాల దుకాణాల్లో పేరున్న కంపెనీ కిట్టును సీలు విప్పని పెట్టెలో, జీఎస్టీ బిల్లుతో తీసుకుని, డీజిల్ పని తెలిసిన మంచి షెడ్డులో వేయించుకోవచ్చు. అలా నాలుగైదు వేలు తగ్గే అవకాశం ఉంది. పెట్టె మీది పార్టు నంబరును మీ ఛాసిస్ నంబరుతో సరిచూడమని అడగండి. మెకానిక్ దగ్గర క్రాంకునూ క్యామునూ బిగించి పట్టే లాకింగ్ పిన్నులు లేకపోతే, పెయింటుతో గీతలు పెట్టుకుని వేస్తానంటే, అక్కడ వద్దు. బెల్టు వేశాక స్టార్టు చేయకముందే స్పానరుతో ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో మీ కళ్లతో చూడండి. పాత బెల్టునూ పంపునూ ఇంటికి తెచ్చుకోండి. బిల్లులో తేదీ, కిలోమీటర్లు, పార్టు నంబరు రాయించుకుంటే రేపు బండి అమ్మేటప్పుడు, ఇప్పుడు మీరు పడుతున్న అనుమానం మరొకరు పడనక్కర్లేదు.

ప్రశ్న: మాది 2016 పెట్రోల్ స్విఫ్ట్, 90,000 తిరిగింది. టైమింగ్ బెల్టు మార్చాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ బండిలో బెల్టు లేదు, చైను ఉంది. దానికి మార్పిడి గడువంటూ లేదు, కానీ దాన్ని కాపాడేది ఇంజను ఆయిలే. ఆయిల్ మార్పును వాయిదా వేయకండి. పొద్దున్నే స్టార్టు చేయగానే ముందు వైపు నుంచి గలగలమని శబ్దం వచ్చి, రోజురోజుకూ ఎక్కువసేపు ఉంటుంటే చైనునూ టెన్షనర్‌నూ చూపించండి.

ప్రశ్న: ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కారు (1.0 ఎకోబూస్ట్ పెట్రోల్ ఇంజను) వాడుతున్నాను. దీని బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుందట. అలాగైతే అరగదు కదా?
– ఒక పాఠకుడు, నాగోల్

జవాబు: బెల్టు ఆయిల్‌లో తిరుగుతుందన్నది నిజమే, ఆ ఆయిల్‌ను తట్టుకునేలాగే దాన్ని చేశారు. అయినా సరైన రకం కాని ఆయిల్ పోసినా, ఆయిల్ మార్పు ఆలస్యమైనా, ఆ రబ్బరు మెత్తబడి పొరలుగా రాలుతుంది. రాలిన తునకలు కింద ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజనుకు ఆయిల్ అందదు. అది బెల్టు తెగడం కంటే పెద్ద నష్టం. ‘ఏ ఆయిలైనా ఒకటే’ అన్న మాట వినకుండా, పుస్తకంలో రాసిన 5డబ్ల్యూ-20 గ్రేడునే, కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్ నంబరు డబ్బా మీద చూసుకుని మరీ పోయించండి. ఆయిల్ ప్రెషర్ దీపం ఒక్క క్షణం వెలిగినా బండిని పక్కకు తీసి ఇంజను ఆపేయండి.