ఇన్సులిన్‌కు లేని అభ్యంతరం పత్తి విత్తనానికి ఎందుకు?

మహారాష్ట్రలోని రాజురాలో పత్తి వేసే మీ నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారు కదా, జన్యుమార్పిడి మందులో మంచిదైతే విత్తనంలో తప్పా అని మీరు అడిగారు.

పద్ధతి ఒక్కటే. మనిషి జన్యువు చేర్చిన బ్యాక్టీరియా 1982 నుంచి మనకు ఇన్సులిన్ ఇస్తోంది. మన దేశంలో 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తిలో నేలలో ఉండే బీటీ అనే బ్యాక్టీరియా జన్యువు ఉంటుంది. దాని ప్రోటీన్ తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. కానీ గులాబీ రంగు పురుగు ఇప్పుడు దాన్ని తట్టుకుంటోంది. పైకి పచ్చగా, నిండుగా ఉన్న కాయను చీల్చి చూడండి: లోపల తొలిచిన గింజ, రంగు మారిన దూది. బీటీ చేను చుట్టూ మామూలు పత్తి వరుసలు వేయకపోవడం పురుగు ఇలా తట్టుకోవడానికి ఒక కారణం.

నా దృష్టిలో తప్పు జన్యువుది కాదు. కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనాన్ని బిల్లు లేకుండా అంటగట్టడం అన్యాయం. పంట పోతే రైతు ఎవరిని నిలదీయాలి? మీ నాన్నగారిని బిల్లు లేని పొట్లం కొననివ్వకండి.