కాన్వాయ్‌లో వెళ్తే ఓడకు భయం లేనట్టేనా? ఒక చిన్న నార్వే ఓడ సంగతి

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: "రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే సరుకు ఓడలు కాన్వాయ్‌లలో తిరిగేవి కదా, చుట్టూ యుద్ధనౌకల కాపలా ఉంటే ప్రయాణం క్షేమంగానే సాగేదా? ఆ నావికులు నేవీ కిందికే వస్తారా?"

రెండోదానికి ముందు చెబుతాను, ఎందుకంటే అది వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. రారు. మర్చంట్ నేవీ (సరుకు ఓడలు) వేరు, నేవీ వేరు. నా సర్వీసంతా సరుకు ఓడల ఇంజన్ రూముల్లో గడిచింది. అయినా వైజాగ్‌లో ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒక బాబాయి "ఏ యుద్ధనౌకలో చేశావురా? క్యాంటీన్ కార్డు ఇంకా ఉందా?" అని అడుగుతాడు. మాకు క్యాంటీనూ లేదు, పెన్షనూ లేదు. కాంట్రాక్టు అయిపోతే జీతం ఆగిపోతుంది, అంతే.

ఇక కాపలా సంగతి. నాకు కాన్వాయ్ అంటే ఏమిటో తెలిసింది 2010 ప్రాంతంలో, గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో. సోమాలీ దొంగల బెడద ముదిరిన రోజులు. ఓడలను వేగాన్ని బట్టి గుంపులు కట్టించి దాటించేవారు. మాది పాత బల్క్ క్యారియర్, పన్నెండు నాట్ల వేగం గుంపులో పడ్డాం. తోడు మన ఇండియన్ నేవీ ఓడే. డెక్ మీద రేజర్ వైర్ చుట్టి, ఫైర్ హోసులు కట్టి, పాత బాయిలర్ సూట్లలో గుడ్డలు కుక్కి మనుషుల్లా రెయిలింగ్ దగ్గర నిలబెట్టాం. నేను సెకండ్ ఇంజనీర్ని. అర్ధరాత్రి దాటాక ఇంజన్‌లో నాలుగో యూనిట్ (సిలిండర్) ఎగ్జాస్ట్ టెంపరేచర్ ఎక్కడం మొదలైంది. చూస్తే ఫ్యూయల్ పంపు లీకు. మామూలుగా అయితే ఇంజన్ ఆపి, పంపు మార్చుకుని, టీ తాగి మళ్లీ బయల్దేరతాం. ఆ రాత్రి ఆపడానికి లేదు. బ్రిడ్జ్ (ఓడ నడిపే పై గది) నుంచి కెప్టెన్ సాబ్ ఫోన్ మీద ఫోన్: "ఇంజన్ రెవ్స్ తగ్గించొద్దు, వెనకబడిపోతున్నాం." బడా సాబ్, అంటే చీఫ్ ఇంజనీర్, గేజ్ ముందు నించుని కదలడం లేదు. మా మోటర్‌మ్యాన్ భీమిలి దగ్గర చేపల వేటగాళ్ల కుటుంబంవాడు. చేతిలో స్పానర్ పట్టుకుని మెల్లిగా అడిగాడు: "మనం ఆగిపోతే నేవీ ఆళ్లు ఆగుతారేటి బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ యూనిట్‌కి ఫ్యూయల్ కట్ చేసి మిగతావాటితో లాగించాం. వేగం పడిపోయింది. నేవీవాళ్లు మంచివాళ్లు, గుంపు మొత్తాన్ని కాస్త నెమ్మదించమన్నారు. తెల్లారేసరికి మళ్లీ మా చోటికి చేరాం. ఆ రాత్రి టెన్షన్ మాత్రం నాకింకా ఒంట్లో ఉంది.

1940లో అట్లాంటిక్‌లో ఆ మర్యాద దొరకదు. వెనకబడినవాడు వెనకబడినట్టే. ఒక్కడి కోసం ముప్పై ఓడలు నెమ్మదిస్తే అన్నీ పోతాయి. పైగా నిదానం ఓడలన్నిటినీ ఏరి ఒకే కాన్వాయ్‌లో వేసేవారు. కెనడాలోని కేప్ బ్రెటన్ సిడ్నీ నుంచి బ్రిటన్ వెళ్లే ఎస్‌సీ వరసవి అవే. 1940 అక్టోబర్ 5న బయల్దేరిన ఎస్‌సీ-7లో 35 ఓడలు. వాటికి చాలా దూరం తోడున్నది ఒకే ఒక్క చిన్న కాపలా ఓడ, స్కార్‌బరో. బ్రిటన్ దగ్గరపడ్డాక మరికొన్ని వచ్చి కలిశాయి గానీ, జర్మన్ సబ్‌మెరైన్లు రాత్రిపూట నీటిపైన తేలుతూ వచ్చాయి. నీటి కింద వెతికే యంత్రానికి పైన తేలే సబ్‌మెరైన్ దొరకదు. క్రెచ్మర్ అనే సబ్‌మెరైన్ కెప్టెన్ అయితే ఏకంగా ఓడల వరసల మధ్యలోకే దూరాడు. మొత్తం 20 ఓడలు మునిగాయి. నార్వే ఓడ స్నెఫ్యెల్డ్ అందులో ఒకటి. మిగిలినవాటిలో కూడా ఒక నార్వే ఓడ ఉంది. దాని పేరు స్నెలాండ్ 1. రెండు వేల టన్నులు కూడా లేని, 1922లో కట్టిన స్టీమర్. దాని గురించి మళ్లీ వస్తాను.

కాన్వాయ్ కథలన్నీ బ్రిడ్జ్ మీద నుంచే చెబుతారు. బైనాక్యులర్లు, జెండాలు, దూరంగా మంట. కింద ఇంజన్ రూములో ఉన్నవాడి సంగతి ఎవడికీ పట్టదు. ముందున్న ఓడకు కొన్ని వందల గజాల వెనక, లైట్లు ఆర్పేసి, పొగమంచులో అయితే ముందు ఓడ తాడు కట్టి లాగే ఫాగ్ బాయ్ (నీటిపై తేలే గుర్తు) రేపే నురగను చూసుకుంటూ పోవాలి. అంటే పైనుంచి నిమిషానికోసారి రెండు రెవ్స్ పెంచు, మూడు తగ్గించు అని కబురు. ఆవిరి ఇంజన్, చేత్తో బొగ్గు వేసే ఫైర్‌మన్. పొగ ఎక్కువైతే మైళ్ల దూరానికి కనిపిస్తుంది కాబట్టి పొగ తగ్గించమని కాపలా ఓడ తిట్లు. బొగ్గేమో తడి బొగ్గు. టార్పెడో తగిలితే ముందు నీళ్లొచ్చేది కిందికే, మెట్లెక్కి బయటపడేలోపు అయిపోతుంది. ఇనుప ఖనిజం మోసే ఓడలు నిమిషాల్లో మునిగేవి, కలప ఓడలు కాస్త తేలేవి. నన్నడిగితే ఆ ఓడల కష్టాల్లో సగం టార్పెడోల వల్ల కాదు, ముసలి బాయిలర్ల వల్ల.

అలాగని కాన్వాయ్ దండగ అనకండి. కాన్వాయ్ లేకపోతే ఏమవుతుందో మన బంగాళాఖాతమే చూసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయని మన పెద్దవాళ్లు చెబుతుంటారు. అదే దాడిలో జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం మన తూర్పు తీరం పొడవునా 20కి పైగా సరుకు ఓడల్ని ముంచింది. కలకత్తా రేవులో ఉంటే బాంబులు పడతాయని తోడు లేకుండానే బయటకు పంపేసిన ఓడలు వాటిలో చాలా ఉన్నాయి. మునిగినవాటిలో డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్, ఎల్సా నార్వేవే. వాళ్ల దేశం ఎక్కడ, మన తీరం ఎక్కడ! 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేని ఆక్రమించేనాటికి వాళ్ల ఓడలు ప్రపంచమంతా చెదిరి ఉన్నాయి. తిరిగొచ్చేయమని జర్మనీ పక్షం చేరిన నార్వే నాయకుడు క్విస్లింగ్ రేడియోలో చెప్పినా బయటున్నవాళ్లు వినలేదు. లండన్‌లో నోర్‌ట్రాషిప్ అనే సంస్థ పెట్టి సుమారు వెయ్యి ఓడల్ని ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ముప్పై లక్షల జనాభా లేని దేశానికి అన్ని ఓడలు. బ్రిటన్‌కు చమురు మోసిన ట్యాంకర్లలో పెద్ద వాటా వాళ్లదే.

స్నెలాండ్ సంగతి. ఎస్‌సీ-7 నుంచి బయటపడిన ఆ ఓడ యుద్ధమంతా నెట్టుకొచ్చింది. 1945 మే 7 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది. దాడులు ఆపమని, హిట్లర్ తర్వాత జర్మనీ పగ్గాలు పట్టిన డోనిట్జ్ అంతకు మూడు రోజుల ముందే సబ్‌మెరైన్లకు ఆదేశమిచ్చాడు. ఆ మే 7 రాత్రే స్నెలాండ్ ఇంగ్లండ్‌లోని బ్లైత్‌లో బొగ్గు ఎత్తుకుని బెల్‌ఫాస్ట్‌కు పోతోంది. మళ్లీ కాన్వాయ్‌లోనే. స్కాట్లండ్ తీరంలో 'మే' అనే ద్వీపం దగ్గర యూ-2336 అనే చిన్న సబ్‌మెరైన్ దాన్నీ, అవన్‌డేల్ పార్క్ అనే బ్రిటిష్ ఓడనూ ముంచింది. స్నెలాండ్‌లో కెప్టెన్‌తో సహా ఏడుగురు పోయారు. ఆదేశం తనకు అందలేదన్నాడు సబ్‌మెరైన్ కెప్టెన్. నేను నమ్మను.

ఇది నాకు చెప్పింది మా కంపెనీ తరఫున ఓడ చూడ్డానికి వచ్చిన ఒక నార్వే సూపరింటెండెంట్. ఆయన తండ్రి యుద్ధంలో ఫైర్‌మన్. అప్పట్లో నార్వే నావికుల జీతం బ్రిటిష్ వాళ్ల కంటే ఎక్కువగా ఉండకూడదని, తేడా డబ్బును ఒక రహస్య నిధిలో వేశారు. యుద్ధం అయ్యాక మా డబ్బు మాకివ్వమంటే ఇవ్వలేదు. కోర్టుకెక్కి 1954లో సుప్రీంకోర్టులో కూడా ఓడారు. చివరికి 1972లో పార్లమెంటు దయతలిచి నెలకు 180 క్రోనర్ల చొప్పున ఇచ్చింది. అయిదేళ్లు పూర్తిగా సముద్రంలో ఉన్నవాడికి లెక్కేస్తే 10,800. తండ్రి దరఖాస్తు పెట్టనన్నాడట, తల్లే పెట్టి ఆ డబ్బుతో కలర్ టీవీ కొన్నదట. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2013లో. మనవాళ్లను కూడా ఏజెంట్లు జీతంలో కోతలు పెట్టి "చివర్లో సెటిల్ చేస్తాం" అంటుంటారు. ఓడెక్కే కుర్రాళ్లూ, ఆ చివర కోసం చూడకండి, కాంట్రాక్టు కాపీ ముందే తీసుకోండి.

మన లస్కర్లకైతే ఆ 1972 కూడా రాలేదు. బ్రిటిష్ ఓడల్లో పనిచేసి చనిపోయిన భారతీయ నావికులు ఆరు వేల పైమాటే. తెల్లవాళ్ల జీతంలో చిన్న భాగమే వీళ్లది. 1939లో పెంచమని సమ్మె చేస్తే జైళ్లలో పెట్టారు. వాళ్ల పేర్లున్న పుస్తకం ముంబైలో ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో ఉంది, మస్జిద్ బందర్ స్టేషన్ నుంచి దగ్గరే. సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) పని మీద ముంబై వెళ్లినప్పుడు అడిగి చూడండి.