మైపాడు బీచ్‌లో తీసిన వీడియోలో పెట్టిన త్రీడీ పడవ ఎందుకు జారిపోతోంది?

ట్యుటోరియల్‌లో చెప్పినట్టే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ట్రాకింగ్ (వీడియోలోని గుర్తులను బట్టి కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టడం) చేసినా పడవ ఇసుక మీద నిలవట్లేదంటే, ముందు అనుమానించాల్సింది మీ ఫుటేజీని. ట్యుటోరియల్ వాళ్లిచ్చే క్లిప్ ట్రాకింగ్ కోసమే తీసింది, మీది మామూలు ఫోన్ వీడియో.

ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు తరచూ నిలకడగా ఉండదు. దాన్ని సెకనుకు 30 ఫ్రేములకు స్థిరం చేసి, పీఎన్‌జీ సీక్వెన్స్‌గా (ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ ఫైలుగా) మార్చి ఎక్కించండి. తీసేటప్పుడే స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సెట్టింగ్) ఆపేయాలి. అది ఒక్కో ఫ్రేమును ఒక్కోలా కత్తిరిస్తుంది, దాంతో లెన్సు లెక్క తేలదు. నిలబడినచోటే ఫోన్ తిప్పితే లోతు తెలీదు, నాలుగడుగులు పక్కకు నడుస్తూ తీయండి.

అలలు, నురగ, ఊగే పడవల మీద మార్కర్ (ట్రాకింగ్‌లో వెంబడించే గుర్తు) పెట్టొద్దు. ఉత్త ఇసుకలో పట్టు దొరకదు కాబట్టి షూటింగ్‌కి ముందే దగ్గర కొన్ని, దూరంగా కొన్ని కొబ్బరి చిప్పలు పడేయండి (తర్వాత వాటిని చెరపడం వేరే పాఠం!). సాల్వ్‌కి, అంటే కెమెరా కదలిక లెక్కకి, ఆధారంగా ఎంచుకున్న రెండు ఫ్రేముల్లోనూ (కీఫ్రేములు) కనబడే ట్రాకులు (ఒక్కో మార్కర్ కదిలిన దారి) కనీసం 8 కావాలి, 15 ఉంటే మేలు. సాల్వ్ ఎర్రర్ (ఆ లెక్కలో వచ్చే తేడా) 1 పిక్సెల్ లోపు రావాలి, 0.5 లోపైతే ఇంకా హాయి. దాటితే ఎర్రర్ ఎక్కువున్న ట్రాకులు తీసేసి మళ్లీ సాల్వ్ కొట్టండి.