ఎవరి స్థానంలోనైనా ఇంకొకరు వస్తారని తెలిసీ చేసే ఉద్యోగం మీద గర్వపడొచ్చా?

నిక్షేపంగా గర్వపడొచ్చు, ఎందుకంటే ఆ గర్వం కుర్చీని చూసుకుని కాదు, పనిని చూసుకుని. ఎవరు సెలవు పెట్టినా, మానేసినా ఆగకుండా నడిచేలా ఏ సంస్థయినా ఏర్పాటు చేసుకుంటుంది. అది మన విలువ మీద తీర్పు కాదు. పని ఎంత బాగా జరుగుతుందన్నది మాత్రం ఆ పూట ఆ సీట్లో ఉన్న మనిషిని బట్టే ఉంటుంది.

విమాన పైలట్లనే చూడండి. ఒకరి బదులు ఇంకొకరు ఎక్కగలిగేలా అందరికీ ఒకే పద్ధతి, ఒకే చెక్‌లిస్టు. 2009 జనవరి 15న పక్షులు తగిలి ఇంజిన్లు దెబ్బతిన్న విమానాన్ని న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్, కో-పైలట్ స్కైల్స్‌కు ఆ ట్రిప్పుకు ముందు ఒకరికొకరు పరిచయమే లేదు. విమానంలో ఉన్న 155 మందీ బతికారు. నీళ్లు చేరుతున్న క్యాబిన్‌లో ఎవరైనా మిగిలిపోయారేమోనని కెప్టెన్ రెండుసార్లు నడిచి చూశాకే బయటికొచ్చాడు. నన్నడిగితే ఆ నడకే అసలైన పనితనం.

చాలామంది పొరబడేది ఒక్కచోట: నేను లేకపోతే పని ఆగిపోవాలి, అప్పుడే నాకు విలువ అనుకుంటారు. అందుకే తెలిసింది ఎవరికీ నేర్పరు, చివరికి నిశ్చింతగా నాలుగు రోజులు సెలవు కూడా పెట్టుకోలేరు. తర్వాత వచ్చేవాళ్లు తడుముకోకుండా అప్పగించి వెళ్లడం కూడా గర్వపడాల్సిన పనే.