కొత్త షాపుకి బోర్డు: ఫ్లెక్స్ చాలా, అక్రిలిక్ అక్షరాలు పెట్టించాలా? ఆర్డరిచ్చే ముందు ఏం చూసుకోవాలి?

ఏడాదిపాటు నడిపి చూద్దామనుకుంటే ఫ్లెక్స్ చాలు. ఎండకి వెలిసిపోతుంది, మార్చేయొచ్చు. స్థిరంగా ఉండే షాపైతే ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే పలక) మీద అక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీలు పెట్టించండి. పవర్ సప్లైని మాత్రం వాన తగలని చోట, రిపేరుకి చెయ్యి అందేలా బిగించమనండి.

అసలు తంటా డిజైన్ దగ్గరే. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అనేది మోటు లెక్క. రోడ్డు అవతల 60 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాలు. తెలుగులో ఆ కొలత వత్తులు కలపకుండా అసలు అక్షరానికే పట్టాలి. ‘లక్ష్మీ స్వీట్స్’ అని రాస్తే కింద వత్తులకి వేరే చోటు కావాలి. లేదంటే డిజైనర్ మొత్తం పేరుని కుదించేస్తాడు. విడిగా ఉండే వత్తులకి వైరింగూ విడిగా వెయ్యాలి. ఒక్కటి వెలక్కపోయినా రాత్రిపూట షాపు పేరే మారిపోతుంది!

డీటీపీ వాళ్లు తెలుగుకి వాడే అను ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు చెల్లాచెదురవుతాయి. అందుకే అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతల్లోకి మార్పించి, ఆ ఫైలు నుంచే ప్రూఫ్ తీయించి, వత్తు వత్తునా చదవండి. చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు ఫ్రేము, బిగింపు కూలి అందులోనే ఉన్నాయో లేదో బిల్లు మీద రాయించుకోండి.