విశాఖలోని మధురవాడ నుంచి కార్పొరేటర్‌గా పోటీ చేయాలంటే ఏం కావాలి?

వయసు 21 నిండాలి, నగర ఓటర్ల జాబితాలో పేరుండాలి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలుంటే ముందే కట్టేయండి. నామినేషన్ల పరిశీలనలో ఇలాంటి చిన్నవాటి దగ్గరే బోల్తా పడతారు. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హులన్న పాత నిబంధనను 2024లో శాసనసభ ఎత్తేసింది.

అసలు చిక్కు రిజర్వేషన్. సగం వార్డులు మహిళలవి, ఎస్సీ, ఎస్టీ, బీసీ కేటాయింపులు వేరే. మీరు రెండేళ్లు తిరిగిన వార్డు తీరా నోటిఫికేషన్ నాటికి మీది కాకుండా పోవచ్చు. మా వైపు చాలామంది మగవాళ్లు అప్పుడు భార్యను నిలబెట్టి తామే పెత్తనం చేస్తారు. నాకది నచ్చదు.

పంచాయతీలా కాదు, ఇవి పార్టీ గుర్తులతో జరిగే ఎన్నికలు. 2021లో జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ)లో 98 వార్డులకు పోలింగ్ జరిగింది. మేయర్ ఎన్నికలో ఎక్కువ ఓట్లు కార్పొరేటర్లవే కాబట్టి పార్టీలు ఒక్క వార్డునూ తేలిగ్గా వదలవు. స్వతంత్రంగా దిగితే ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తే దక్కుతుంది, దాన్ని జనానికి అలవాటు చేయడానికి మిగిలేవి కొద్ది రోజులే.

మధురవాడలో అపార్ట్‌మెంట్లలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువ. చాలామంది ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంటుంది. ప్రచారం కంటే ముందు, వాళ్ల ఓట్లు ఇక్కడికి మార్పించే పని పెట్టుకోండి.