నా ఫోన్ వింటున్నారో లేదో తెలుసుకునే హక్కు నాకు లేదా?

ప్రశ్న: నిర్వాసితుల పరిహారం కోసం పనిచేసే ఒక సంఘంలో ఉన్నాను. కలెక్టరేట్ ముందు ధర్నా చేద్దామని ఓ రాత్రి మిత్రుడితో ఫోన్‌లో అనుకున్నాం. మూడో మనిషికి చెప్పలేదు. తెల్లారేసరికి ఎస్సై మా ఇంటికొచ్చి, మేం అనుకున్న టైముతో సహా చెప్పి, మానుకోమన్నారు. నా ఫోన్ ట్యాప్ చేస్తున్నారా అని ఆర్టీఐ కింద అడిగితే ‘సెక్షన్ 8(1)(ఎ) ప్రకారం ఇవ్వలేం’ అని, అంటే దేశ భద్రత వంటి కారణాల మినహాయింపు చూపి, ఒక్క వాక్యంలో తిప్పి పంపారు. ఇంకా కదిలిస్తే అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ కింద కేసవుతుందని స్టేషన్‌లో అంటున్నారు. నేనేం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ బెదిరింపు సంగతి తేల్చేద్దాం. ఆర్టీఐ దరఖాస్తు పెట్టడం ఏ చట్టం కిందా నేరం కాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టంతో పేచీ వచ్చినా సమాచార హక్కు చట్టమే చెల్లుతుందని అందులోని సెక్షన్ 22 నేరుగా చెబుతోంది. పైగా ఆ పాత చట్టం కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ప్రభుత్వ ఆదేశంతోగానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి నుంచిగానీ ఫిర్యాదు రావాలి. స్టేషన్‌లో ఎవరికో కోపం వచ్చినంత మాత్రాన నడిచేది కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఎవరైనా ట్యాపింగ్ ఆర్డరు కాపీ అంటూ మీ చేతిలో పెడితే దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి, నేరుగా లాయరు దగ్గరికి తీసుకెళ్లండి. ‘రహస్యం’ అంటే ఏమిటో ఆ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. అధికారి రహస్యమన్నదల్లా రహస్యమైపోయే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక అసలు సంగతి. మీరు ఎవరికి, ఎప్పుడు ఫోన్ చేశారో చెప్పే కాల్ డేటా వేరు, మాటలు వినడం వేరు. కాల్ డేటాలో మాటలుండవు. ధర్నా టైము కూడా ఎస్సైకి తెలిసిందంటే ఎవరో చెప్పి ఉండాలి, లేదా విని ఉండాలి. మీ మిత్రుడి పక్కన ఆ సమయంలో ఎవరున్నారో ముందు అడిగి చూడండి. అలాగే అది మామూలు కాలా, వాట్సాప్ కాలా అన్నది గుర్తు చేసుకోండి. వాట్సాప్ కాల్ మాటలు టెలికాం కంపెనీ దగ్గర పట్టుకుంటే వినపడవు. అలాంటప్పుడు ఫోన్‌లోనే గూఢచారి సాఫ్ట్‌వేర్ ఉందేమోనని అనుమానించాలి.

మామూలు కాల్‌ను చట్టబద్ధంగా వినాలంటే ప్రజా అత్యవసర పరిస్థితో, ప్రజా భద్రతకు ముప్పో ఉండాలి. దానికి తోడు దేశ భద్రత, శాంతిభద్రతల వంటి నిర్ణీత కారణాల్లో ఒకటి కనబడాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2) చెప్పిందీ, ఇప్పుడున్న 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 20(2) చెబుతున్నదీ ఇదే. 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన మాట అంది: ఆ అత్యవసర పరిస్థితి సర్కారుకు మాత్రమే తెలిసిన గుట్టు కాకూడదు, మామూలు మనిషి చూసినా తెలియాలి. పరిహారం అడగడానికి నలుగురు కూర్చోవడంలో నాకైతే అలాంటిదేమీ కనబడటం లేదు.

ఆర్డరు ఇవ్వాల్సింది హోం కార్యదర్శి. అది 60 రోజులు చెల్లుతుంది. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. అత్యవసరమని పోలీసు ఉన్నతాధికారే మొదలుపెట్టినా ఏడు పనిదినాల్లో హోం కార్యదర్శి ధ్రువీకరించాలి. ఎస్సైకీ, ఎస్పీకీ సొంతంగా ఆ అధికారం లేదు. ఆర్డరు లేకుండా వింటే 2023 చట్టం సెక్షన్ 42 కింద మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల వరకు జరిమానా.

కాగితం మీద ఇంత కట్టుదిట్టం ఉంది కదా, మరి ఎక్కడ తెగిపోతోంది? ఆర్డరు ఇచ్చేది ప్రభుత్వ కార్యదర్శి, దాన్ని సమీక్షించే రాష్ట్ర కమిటీకి అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శి, సభ్యులు మరో ఇద్దరు కార్యదర్శులు. జడ్జి ఒక్కరూ లేరు. కేంద్రంలో ఈ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుని 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాల్సి వస్తోందని 2018లో డేటా రక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదికే రాసింది. ఒక్కో ఆర్డరు మీద ఎన్ని క్షణాలు దృష్టి నిలుస్తుందో మీరే లెక్కేసుకోండి. మామూలుగా ఆరు నెలలకోసారి రికార్డులు చెరిపేయాలన్నది కూడా నిబంధనే. అది మీ ఏకాంతం కోసం పెట్టిన నిబంధన, తప్పు చేసినవారికి అదే ముసుగైంది.

2019లో బాంబే హైకోర్టు వినీత్ కుమార్ కేసులో ట్యాపింగ్ ఆర్డర్లను కొట్టేసి రికార్డింగులను నాశనం చేయమంది. 2011 నాటి ఆర్డరు ఒకటి 2025 జులైలో మద్రాసు హైకోర్టులో కొట్టుడుపోయింది. ఆ ఇద్దరికీ తమ ఫోన్ విన్నారని ఎలా తెలిసింది? సీబీఐ కేసు పెట్టి ఆ రికార్డింగులు బయటపెట్టింది కాబట్టి. నిందితుడికి తెలుస్తుంది, ఏ తప్పూ చేయని మీకు ఎప్పటికీ తెలియదు. మన చట్టంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోన్ వినాలంటే జడ్జి ఉత్తర్వు కావాలి, ముగిశాక మామూలుగా 90 రోజుల్లో ఆ మనిషికి నోటీసు వెళ్లాలి. మన దగ్గర ఆ ఒక్క క్లాజు ఉన్నా మీరు నాకు ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

మీ ఆర్టీఐ సంగతికొస్తే, ‘నా ఫోన్ ట్యాప్ చేస్తున్నారా’ అన్న ప్రశ్నతో గెలవడం కష్టం. ఇలాంటి సమాచారానికి 8(1)(ఎ) మినహాయింపు వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023లో తేల్చింది. అందుకే ప్రశ్న మార్చండి. సమీక్ష కమిటీ గత రెండేళ్లలో ఏయే తేదీల్లో సమావేశమైంది? మొత్తం ఎన్ని ఆర్డర్లు చూసింది, అందులో ఎన్ని రద్దు చేసింది? రికార్డులు నాశనం చేసినట్టు రాసుకున్న రిజిస్టరులో పేర్లు కొట్టేసి తేదీలు మాత్రం ఇవ్వమని సెక్షన్ 10 కింద అడగండి. ‘లెక్కలు నిర్వహించడం లేదు’ అని రాసిస్తే ఆ కాగితం కూడా దాచుకోండి, హైకోర్టులో అదే మీ పక్షాన మాట్లాడుతుంది. ఒక్క వాక్యం తిరస్కరణ మీద మొదటి అప్పీలులో సెక్షన్ 19(5) రాయండి. ఎందుకివ్వలేదో రుజువు చేయాల్సిన బాధ్యత అధికారిదే. ప్రజాప్రయోజనం కోసం సెక్షన్ 8(2)నీ జోడించండి.

అంతకు మించి కావాలంటే రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. అనుమానం ఒక్కటే ఉంటే కోర్టు వినదు. మీ మిత్రుడూ మీరూ విడివిడిగా అఫిడవిట్లు రాయాలి: కాల్ ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏం మాట్లాడుకున్నారు, ఎస్సై ఏ మాటలన్నారు, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు. ఆర్డరుంటే జడ్జి ముందు పెట్టమని, లేకపోతే ఎలా విన్నారో దర్యాప్తు చేయించమని కోరండి. ప్రభుత్వ న్యాయవాది ‘దేశ భద్రత’ అంటారు, మీకు చూపకుండా జడ్జికి మాత్రమే సీల్డ్ కవర్ ఇస్తామంటారు. అప్పుడు రెండు తీర్పులు చూపించాలి. 2021 అక్టోబరు 27న పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం, దేశ భద్రత పేరెత్తగానే ప్రభుత్వాన్ని ప్రశ్నించకుండా వదిలేయలేమంది. 2023 ఏప్రిల్‌లో మీడియా వన్ చానల్ కేసులో సుప్రీంకోర్టు, ఆధారం చూపకుండా దేశ భద్రత మాట వాడటానికి వీల్లేదని, సీల్డ్ కవర్ పద్ధతి న్యాయ విచారణకే చేటని తేల్చింది. తప్పకుండా గెలుస్తారని మాటివ్వలేను. ప్రజా భద్రత అన్న మాటకు ఢిల్లీ హైకోర్టు 2025లో మద్రాసు హైకోర్టు కంటే విశాలమైన అర్థం ఇచ్చింది. ఆ భేదాన్ని సుప్రీంకోర్టు ఎప్పటికైనా తేల్చాల్సిందే.

ఇప్పుడు తొందరగా చేయాల్సింది అప్పీలు. తిరస్కరణ మీ చేతికందిన రోజు నుంచి 30 రోజులే గడువు. ఆ కవరు పారేయకండి, దాని మీది పోస్టు ముద్ర తేదీ మీకు అవసరమవుతుంది. ఎస్సై మళ్లీ వస్తే, మానుకోమన్న మాట రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే ఆయన వచ్చిన టైము, అన్న మాటలు అదే రోజు రాసి ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపించి, రసీదు దగ్గర పెట్టుకోండి.